నిలబెట్టి తీసిన కొలత

సోమవారం పొద్దున పది దాటి ఇరవై నిమిషాలకి, రాట్నం ఎనిమిది జీలు, అంటే ఒంటి బరువుకి ఎనిమిది రెట్లు, అందుకున్న కాసేపటికే, ఇల్వా తల ముందుకు వాలిపోయింది. కంట్రోల్ గదిలో ఉన్న ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. బెర్టిల్ చెయ్యి ఎప్పటిలాగే ఎర్ర మీట మీదే ఉంది, నొక్కేశాడు. తొమ్మిది మీటర్ల ఇనుప చేయి, దాని కొసన బిగించిన పెట్టె, ఆ పెట్టెలో కుర్చీకి పట్టీలతో కట్టేసి ఉన్న పాతికేళ్ళ పిల్ల, అన్నీ కలిసి ఊపు తగ్గించుకుంటూ రెండు చుట్లు తిరిగి ఆగాయి.

తెర మీద ఇల్వా కళ్ళు తెరిచింది. చేతులు రెండూ తనవి కానట్టు కొట్టుకున్నాయి. "ఎక్కడున్నాను?" అంది. స్పృహ తప్పి లేచినవాళ్ళంతా అడిగే మాటే అది. ఇరవై ఆరేళ్ళుగా ఈ గదిలో మూల కుర్చీలో కూర్చుంటున్న టూరా ఆ మాటని అన్ని రకాల గొంతుల్లో వింది.

"నేల మీదే ఉన్నావులే. కాసేపు కదలకు," అన్నాడు బెర్టిల్ మైకులో. వాయుసేన పైలట్లని పరీక్షించే ఆ యంత్రాన్ని తిప్పేది ఆయనే. దానికి రాట్నం అని పేరు పెట్టిందీ ఆయనే.

"పదిహేను సెకన్లు నిలవాలి. నాలుగో సెకనుకే పోయింది," అన్నాడు రూట్గర్. ఈ పరీక్షలన్నిటికీ పెద్ద డాక్టర్ ఆయన. యాభై నాలుగేళ్ళు, ఒంట్లో పిసరంత కొవ్వు లేదు. "ఊపిరి చూశావా బెర్టిల్? పైపైనే పీలుస్తోంది. కాళ్ళు బిగించు, పొట్ట బిగించు, మూడు సెకన్లకోసారి నిండా గాలి తీసుకో అని నెల రోజులు మొత్తుకున్నాం. ఏం లాభం?"

ఆయన ముందున్న కాగితం మీద మూడు గళ్ళున్నాయి. మనిషి, సూటు, యంత్రం. ఎవరి వల్ల పరీక్ష ఆగిందో ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఆయన పెన్ను ఆ మూడింటి మధ్య ఒక్క క్షణమైనా తచ్చాడలేదు, తిన్నగా మొదటి గడిలోకి వెళ్ళింది. పక్కన కారణం అని ఉన్న చోట రెండు మాటలు రాశాడు: శరీర బలహీనత. రాసి, పెన్ను మూత పెట్టి, కాఫీ ఎక్కడుందని అడిగాడు.

టూరా అప్పటికే మెట్లు దిగుతోంది. పైలట్లకి సూటు కట్టేదీ విప్పేదీ ఆమే. సూటంటే నిజానికి పాంటే. ఆకుపచ్చ నైలాన్ పాంటు, లోపల ఐదు గాలి తిత్తులు: పొట్టకొకటి, తొడలకు రెండు, పిక్కలకు రెండు. విమానం గిర్రున మళ్ళినప్పుడు ఒంట్లో నెత్తురంతా కాళ్ళలోకి దిగిపోతుంది. దిగకుండా ఆ తిత్తులు గాలి నింపుకుని ఒంటిని బిగబడతాయి. ఆ బిగింపు కుదిరేలా పక్కనున్న తాళ్ళు కట్టడం టూరా పని. తాడుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. మూడు దూరితే వదులు, ఒకటే దూరితే బిగువు. కట్టాక కార్డు మీద 'సరిపోయింది' అని రాసి సంతకం పెట్టాలి. ఆ కార్డు బెర్టిల్ చేతిలో పడనిదే రాట్నం తిరగదు.

సూట్ల గదిలో ఇల్వా బెంచీ మీద కూలబడింది. టూరా మోకాళ్ళ మీద కూర్చుని పిక్కల తాళ్ళు విప్పసాగింది.

"నాలుగు సెకన్లట," అంది ఇల్వా. "మా అన్నయ్యకి తెలిస్తే నవ్వి చస్తాడు. నాలుగు సెకన్లలో బూటు లేసు కూడా కట్టుకోలేం."

"కాలు చాపు."

"ఊపిరి అందలేదు టూరా. పీలుద్దామంటే లోపలికి పోనే లేదు. ఎవరో ఇక్కడ మోకాలు పెట్టి నొక్కినట్టు." ఇల్వా డొక్క కింద చెయ్యి పెట్టి చూపించింది. "రూట్గర్‌కి చెప్తే ఏమన్నాడో తెలుసా? అందరికీ అలాగే ఉంటుందట, గట్టివాళ్ళు ఓర్చుకుంటారట."

టూరా జిప్పు లాగి, సూటు కిందికి జార్చి, ఇల్వా బనీను పైకెత్తి చూసింది. చర్మం మీద ఎర్రగా చదరపు అచ్చు ఉంది, పొట్ట తిత్తి అంచుల అచ్చు. అలాంటి అచ్చులు ఆమెకి కొత్త కాదు. ఎవరి ఒంటి మీదైనా అది బొడ్డు చుట్టూ పడుతుంది. ఇది డొక్క ఎముకల మీద పడింది. వేళ్ళు ఆనించి కొలిచింది. నాలుగు వేళ్ళు పైన.

"నిలబడు," అంది. ఇల్వా నిలబడింది. సూటు మళ్ళీ పైకి లాగి జిప్పు వేసి చూస్తే తిత్తి ఉండాల్సిన చోటే, బొడ్డు మీదే ఉంది. రెండు వేళ్ళూ చక్కగా దూరాయి. టూరా సూటు విప్పి, మడిచి అల్మరాలో పెట్టింది.

కాఫీ గదిలో రూట్గర్ ఏలకుల బన్ను తింటున్నాడు. టూరా కాఫీ పోసుకోకుండానే ఎదురుగా కూర్చుంది.

"ఆ గడి మార్చు రూట్గర్."

"ఏ గడి?"

"మనిషి అని పెట్టావే, అది. తిత్తి డొక్కల మీద పడింది. పిల్లకి ఊపిరి ఎక్కడ ఆడుతుంది? ఆ అచ్చు నేను కళ్ళారా చూశాను."

ఈ దేశంలో అందరూ అందరినీ నువ్వనే అంటారు. నేల తుడిచే మనిషి కూడా సేనాధిపతిని పేరు పెట్టి పిలుస్తుంది. అంతమాత్రాన అధికారం ఎక్కడికీ పోలేదు. పేరు పెట్టి పిలిపించుకుంటూనే హాయిగా కుర్చీలో కూర్చుంది. రూట్గర్ వేళ్ళకంటిన చక్కెర తుడుచుకుని, ఫైలు తెరిచి, అందులోంచి ఒక కార్డు తీసి ఆమె ముందుకు తోశాడు.

"ఇదెవరి సంతకం?"

పొద్దున ఎనిమిదిన్నరకి తను పెట్టిన సంతకమే. పైన తన దస్తూరీలోనే ఉంది, సరిపోయింది అని.

"సూటు సరిపోయిందని నువ్వే రాశావు. యంత్రం బాగుందని బెర్టిల్ రాశాడు. ఇంక మిగిలిందెవరు?" అన్నాడు ఆయన, చిన్నపిల్లకి కూడిక నేర్పుతున్నట్టు. "శుక్రవారం ఇంకో అవకాశం ఉంది కదా. గట్టెక్కితే కోర్సులో ఉంటుంది."

"ఉండి? బలహీనత అన్న మాట ఫైల్లో ఉంటే ఏ స్క్వాడ్రన్ వాళ్ళు యుద్ధవిమానం చేతికిస్తారు? సామాన్లు మోసే విమానానికి తోసేస్తారు."

"సామాన్లు కూడా ఎవరో ఒకరు మొయ్యాలిగా," అన్నాడు రూట్గర్, మిగిలిన బన్ను ముక్క నోట్లో వేసుకుని.

టూరాకి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఏడేళ్ళుగా యుద్ధవిమానం నడుపుతానన్న ఒక్క మాట మీద నిలబడి ఇంత దూరం వస్తే, దాన్ని బన్నుతో పాటు నమిలి మింగేశాడే ఈ మనిషి! కానీ ఏమంటుంది? బల్ల మీద పడి ఉన్నది తన సంతకం. లేచి, కప్పు కడగాల్సిన పనే లేకపోయినా కడిగి, బోర్లించి బయటికి వచ్చింది.

మంగళవారం పొద్దున టూరా సామాను కొట్లోంచి పాత విమానం కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చింది. వెన్ను వాల్చి ఉండే కుర్చీ, అచ్చం రాట్నం పెట్టెలో ఉన్నలాంటిదే. సాయం పట్టిన బెర్టిల్ దారి పొడుగునా నస పెట్టాడు.

"ఏంటి, సూట్లు కట్టీ కట్టీ విసుగొచ్చి సెలూన్ పెడుతున్నావా?"

"నీకున్న నాలుగు వెంట్రుకలకి సెలూన్ ఎందుకులే. ఆ కాలు పట్టుకో, గీరుకుంటోంది."

ఇల్వా వచ్చింది. టూరా సోమవారం కట్టినట్టే కట్టింది. నిలబెట్టి చూసింది, సరిపోయింది. సుద్దముక్క తీసుకుని తిత్తి పై అంచు ఎక్కడుందో బనీను మీద గీత గీసింది.

"ఇప్పుడు కూర్చో."

ఇల్వా కూర్చుని వెనక్కి వాలింది. ఆమెది సన్నని నడుం, వెడల్పు తుంటి. ఫ్యాక్టరీ వాళ్ళు ఆడవాళ్ళ కోసమని పంపింది, మగవాళ్ళ సూట్లలో అన్నిటికన్నా చిన్నది. మోకాళ్ళు మడవగానే తొడల దగ్గర గుడ్డ బిగుసుకుంది, తుంటి మీద ఎక్కి పైకి పాకింది. దాంతో పాటే తిత్తి కూడా పాకింది. సుద్దగీత గుడ్డ కింద మాయమైపోయింది. టూరా గోడకున్న గాలి గొట్టం తెచ్చి సూటుకి తగిలించి, కుళాయి సగం తిప్పింది. తిత్తులు బుస్సుమని ఉబ్బాయి.

"ఊపిరి తీసుకోగలవా?"

ఇల్వాది ఉత్తరాది. అక్కడివాళ్ళు అవునని నోటితో చెప్పరు, పెదాలు సున్నా చుట్టి గాలి లోపలికి పీల్చి ఊరుకుంటారు, అదే అవును. ఆమె అలవాటుగా పెదాలు సున్నా చుట్టింది. గాలి లోపలికి పోలేదు. ముఖం ఎర్రబడింది. టూరా గబుక్కున కుళాయి కట్టేసింది.

కిటికీ బయట ఎవరో కాళ్ళు జారకుండా మంచు మీద ఇసుక చల్లుకుంటూ పోతున్నారు.

"కూర్చోబెట్టి ఎందుకు చూడరు మీరు?" అంది ఇల్వా చివరికి.

"నాలుగో రూలు. మనిషిని నిలబెట్టి కొలత చూడాలి అని. మగవాళ్ళలో కూర్చున్నా పెద్దగా కదలదు. ఎవరికీ అనుమానం రాలేదు."

"నీకు కూడానా?"

"నాకు కూడా."

"ఇరవై ఆరేళ్ళు!" ఇల్వా పట్టీలు తనే విప్పుకుంటోంది. "నేను విమానం నిలబడి నడుపుతానా టూరా? బస్సులో ఊచ పట్టుకుని వేలాడినట్టు వేలాడుతూ నడుపుతానా? రాత్రంతా ఏడ్చాను తెలుసా. ఇంకా గట్టిగా బిగబట్టాల్సింది, నాలోనే ఏదో లోపం ఉందని. నువ్వేమో రెండు వేళ్ళు పెట్టి, సరిపోయింది అని రాసి సంతకం పెట్టేశావు!"

అరవయ్యో ఏడు దగ్గర పడుతున్న టూరా, పాతికేళ్ళ పిల్ల ముందు తల దించుకుంది. నిన్నటి నుంచి కోపమంతా రూట్గర్ మీద పోస్తోంది తను. పొయ్యొచ్చు, తప్పులేదు. కానీ ఆయన పెన్నుకి సిరా పోసిందెవరు?

"శుక్రవారం సంతకం పెట్టను," అంది. "సరిపోలేదు అని రాస్తాను."

"పెట్టకపోతే రాట్నం తిరగదు. తిరక్కపోతే నాకు రెండో అవకాశం పోయినట్టే. శుక్రవారంతో కోర్సు లిస్టు మూసేస్తున్నారు." ఇల్వా కళ్ళు తుడుచుకుంది. "పెట్టు, నీకు దణ్ణం పెడతాను. ఊపిరి లేకుండానే నిలుస్తాను. పదిహేను సెకన్లేగా."

పెడితే పిల్ల మళ్ళీ తల వాల్చేస్తుంది. పెట్టకపోతే ఇంటికి పోతుంది. టూరా ఆ పాత కుర్చీ వైపు చూస్తూ కూర్చుండిపోయింది.

బుధవారం రూట్గర్ దగ్గరికి వెళ్ళి కుర్చీ సంగతి, సుద్దగీత సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. తిత్తి కింది మూలలకి రెండు పట్టీలు కుట్టి తొడల కిందుగా కడితే కూర్చున్నా పైకి పాకదని, ఒక్కపూట పనేనని చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. వినడంలో ఆయనకి లోటు లేదు.

"ఈ సూటు మూడు దేశాలు కొన్నాయి టూరా. ముగ్గురు ప్రొఫెసర్లు పాస్ చేశారు. నువ్వు సూదీ దారం పట్టుకుని దాన్ని బాగుచేస్తావా?"

"ఆ ప్రొఫెసర్లలో తుంటి ఉన్నవాళ్ళు ఎంతమంది?"

బెర్టిల్ తలుపు దగ్గర పకపకా నవ్వాడు. రూట్గర్ నవ్వలేదు.

"నిలబెట్టి చూస్తే సరిపోతోందా లేదా?"

"సరిపోతోంది."

"అయితే సరిపోయినట్టే. మిగతాది ఓర్పు. అది ఒకళ్ళకి ఉంటుంది, ఒకళ్ళకి ఉండదు. నేనేం చెయ్యను?" అని చేతులు దులుపుకున్నాడు.

గురువారం క్యాంటీన్‌లో ఎప్పటిలాగే బఠాణీల సూపు, అట్లు. గురువారాలు తిన్నాక రెండింటికి రూట్గర్ తనే రాట్నం ఎక్కుతాడు. కుర్రాళ్ళని ఎక్కించేవాడు తను కూడా ఎక్కాలని ఆయన పెట్టుకున్న నియమం అది, కాదనకూడదు, మంచిదే. ఎనిమిది జీ దగ్గర పదిహేను సెకన్లు నిలిచి, దిగి, జుట్టు కూడా సర్దుకోకుండా కాగితాల పని చూసుకుంటాడు. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా కూడా చూసుకుంటాడు.

సూట్ల గదిలో ఆయన నిలబడి, చేతులు పైకెత్తి, కిటికీలోంచి బయటికి చూస్తూ బెర్టిల్‌తో స్కీ పందెం గురించి మాట్లాడుతున్నాడు. టూరా ఆయన సూటు తొడిగించింది. తొడల తాళ్ళు కట్టే ముందు గుడ్డని ఒక మడత పైకి లాగి, తుంటి దగ్గర బిగించింది. పొట్ట తిత్తి డొక్కలకి ఎక్కింది. నడుం తాళ్ళు దాని మీదుగా ముడివేసి, రెండు వేళ్ళు దూర్చి చూసింది. అన్ని చోట్లా రెండేసి వేళ్ళు చక్కగా దూరాయి.

"ఎలా ఉంది?" అని అడిగింది.

రూట్గర్ రెండు అడుగులు అటూ ఇటూ వేశాడు. "బాగుంది. సరిపోయింది."

"కార్డు మీద రాసెయ్యనా?"

"రాసెయ్."

టూరా రాయలేదు. "ఒక్క నిమిషం ఆ కుర్చీలో కూర్చో. కొత్తగా తెప్పించాను, గాలి పరీక్ష చేసి పంపిస్తాను."

ఆయన కూర్చున్నాడు. ఇంకా పందెం గురించే చెప్తున్నాడు, తొంభై కిలోమీటర్లు ఎలా లాగాడో, ఆఖరి కొండ దగ్గర పదిమందిని ఎలా దాటాడో. టూరా గాలి గొట్టం తగిలించి కుళాయి తిప్పింది. మంగళవారం తిప్పినంతే, సగం. తిత్తులు ఉబ్బాయి. పందెం కథ సగంలో తెగిపోయింది. రూట్గర్ నోరు తెరిచాడు, మాట రాలేదు. చెయ్యి గాల్లోకి లేచింది. మెడ నరాలు పొంగాయి. టూరా అయిదు దాకా లెక్కపెట్టి కుళాయి కట్టేసింది.

"ఏం కట్టావు ఇది?" అన్నాడు ఆయన, దగ్గు తగ్గాక. "ఊపిరి ఆడట్లేదు. డొక్కల మీదకి వచ్చేసింది. ఇది సరిపోలేదు!"

"నిలబడినప్పుడు సరిపోయిందన్నావు."

"నిలబడినప్పుడు వేరు…"

ఆయన ఆగిపోయాడు. బెర్టిల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇల్వాకి కూర్చున్నాక ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడే కట్టాను," అంది టూరా. "ముందే చెప్పి కడితే పంతానికి బిగబట్టి కూర్చుంటావని చెప్పలేదు. ఇప్పుడు పైకెళ్ళి రాట్నం ఎక్కు. ఎనిమిది జీలు. మిగతాదంతా ఓర్పేగా."

రూట్గర్ ఎక్కలేదు. "విప్పు," అన్నాడు. విప్పాక లేచి చొక్కా దోపుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఆ పట్టీలేవో కుట్టు. రేపు ఒక్కరోజుకే."

టూరా ఆ మధ్యాహ్నమంతా కుట్టింది. నైలాన్ గుడ్డ మందం, సూదికి లొంగదు. తిత్తికి సూది తగిలితే గాలి పోతుంది, అందుకని గుడ్డకీ తిత్తికీ మధ్య ఎడమచేతి చూపుడువేలు పెట్టుకుని, దాని మీదుగా ఒక్కో కుట్టూ తీసింది. వేలికి ఆరుసార్లు గుచ్చుకుంది, తిత్తికి ఒక్కసారీ తగల్లేదు. ఇల్వాని కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి నాలుగుసార్లు చూసింది. ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు.

శుక్రవారం రాట్నం తిరిగింది. కార్డు మీద టూరా 'కూర్చోబెట్టి చూశాను, సరిపోయింది' అని రాసింది. ఐదు, ఆరు, ఏడు. తెర మీద ఇల్వా బుగ్గలు కిందికి జారాయి, ముఖం ముసలిదానిలా అయింది, కానీ మూడేసి సెకన్లకి ఛాతీ నిండా పొంగుతోంది. ఎనిమిది. బెర్టిల్ పైకే లెక్కపెడుతున్నాడు. పదకొండు నుంచి పెదాలతోనే లెక్కపెట్టాడు. పదిహేను. పదహారు. పద్దెనిమిది దగ్గర మీట వెనక్కి లాగాడు.

"మూడు ఎందుకు ఎక్కువ తిప్పావు?" అన్నాడు రూట్గర్.

"లెక్క తప్పాను," అన్నాడు బెర్టిల్, ముక్కు చీదుకుంటూ.

పెట్టెలోంచి దిగిన ఇల్వా తనంతట తానే నడిచి వచ్చింది. టూరా విప్పుతుంటే తల వంచి ఆమె జుట్టు మీద గడ్డం ఆనించింది. "నీ మీద కోపం ఇంకా పోలేదు," అంది.

"పోవద్దు," అంది టూరా.

రెండు గంటలకి రూట్గర్ తన గదికి పిలిచాడు. బల్ల మీద ఇల్వా ఫైలు తెరిచి ఉంది. సోమవారం రాసిన రెండు మాటలూ అలాగే ఉన్నాయి.

"ఇవాళ్టిది బాగుంది. సోమవారానిది మాత్రం ఏదో ఒకటి చెయ్యాలి," అన్నాడు. "సూటు అని గడి మారిస్తే ఫ్యాక్టరీ వాళ్ళు వస్తారు, కమిటీ అంటారు, రెండేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఈ పిల్ల ఫైలు ముయ్యరు, విమానమూ ఇవ్వరు. దీనికి సులువైన దారి ఒకటుంది." సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "తప్పు కాగితం రాసివ్వు. నువ్వు కట్టడంలో పొరపాటు జరిగిందని రాస్తే సోమవారం పరీక్ష చెల్లదు. ఆ మాట నేనే కొట్టేస్తాను. నిన్నెవరూ ఏమీ అనరు. రూలే అది."

ఎంత తీరుగా సర్దాడు! సూటు మచ్చ లేకుండా ఉంటుంది, ముగ్గురు ప్రొఫెసర్లూ మచ్చ లేకుండా ఉంటారు, నాలుగో రూలు నాలుగో రూలులాగే ఉంటుంది. అందరికీ కలిపి ఒక్కరి నెత్తిన వేస్తే సరిపోయె, ఆ ఒక్కరూ తాళ్ళు కట్టే ముసలిది. టూరా ఆ కాగితం నలిపి ఆయన ముఖాన కొడదామనుకుంది. కొడితే ఏమవుతుంది? ఫైల్లో ఆ రెండు మాటలూ ఉండిపోతాయి.

"రెండు లైన్లు చాలు," అన్నాడు రూట్గర్. "తాళ్ళు సరిగ్గా కట్టలేదు అని."

వాయుసేనలో మొదటి నుంచీ ఒక మంచి అలవాటుంది. ఎవరి తప్పు వాళ్ళే రాసిస్తే వాళ్ళకి శిక్ష ఉండదు. రాసినవాళ్ళ మాటని పైవాళ్ళు ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. వారం తిరక్కుండా దాని నకళ్ళు దేశంలో ప్రతి స్థావరానికీ వెళ్తాయి, ఆ సామాను తయారుచేసినవాళ్ళకి వెళ్తాయి, దాన్ని వాడే ప్రతి దేశానికీ వెళ్తాయి, ఇంకెవరూ అదే తప్పు చెయ్యకుండా ఉండాలని. ఈ అలవాటులో రూట్గర్‌కి ఆ నిమిషాన మొదటి సగమే గుర్తున్నట్టుంది.

టూరా కళ్ళజోడు పెట్టుకుంది. "తప్పు ఏమిటి, సొంత మాటల్లో" అని ఉన్న చోట రాయడం మొదలుపెట్టింది. నిదానంగా, కార్డుల మీద రాసే గుండ్రటి దస్తూరీలోనే రాసింది.

'నేను సూటు కొలత మనిషిని నిలబెట్టి చూశాను. పైలట్లు కూర్చుని ఎగురుతారు. నాలుగో రూలు నిలబెట్టి చూడమంటుంది, నేను ఇరవై ఆరేళ్ళు అలాగే చూశాను, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నడుం సన్నగా, తుంటి వెడల్పుగా ఉన్న మనిషి ఈ సూటులో కూర్చుంటే పొట్ట తిత్తి నాలుగు వేళ్ళు పైకి పాకి డొక్కల మీద పడుతుంది. గాలి నిండితే ఊపిరి అందదు. ఇల్వాకి అందలేదు. గురువారం డాక్టర్ రూట్గర్‌కి అలాగే కట్టి గాలి ఎక్కించాను. ఆయనకీ అందలేదు. ఆయన బలహీనుడు కాడు. ఇల్వా కూడా కాదు. తిత్తికి రెండు పట్టీలు కుట్టాక ఇల్వా ఎనిమిది జీల దగ్గర పద్దెనిమిది సెకన్లు నిలిచింది. ఎలా కుట్టాలో వెనక బొమ్మ వేస్తున్నాను.'

కాగితం తిప్పి బొమ్మ వేసింది. పట్టీ పొడవు, వెడల్పు, ఎన్ని కుట్లో కూడా రాసింది. కింద సంతకం పెట్టి ఆయన ముందుకు జరిపింది.

రూట్గర్ చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంత రాయాలా? నా సంగతి ఇందులో ఎందుకు?"

"సొంత మాటల్లో అని ఉంది. ఇవి నా మాటలు."

"కాస్త కుదించు. ఇది మూడు దేశాలకి పోతుంది టూరా."

"పోనీ."

"నేను ఇది తీసుకోకపోతే?"

"తీసుకోనని కింద రాసి సంతకం పెట్టు. అది కూడా దీంతో పాటే పోతుంది."

ఆయన కిటికీ వైపు చూశాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి 'అందినది' అని ఉన్న చోట సంతకం పెట్టాడు. ఫైలు దగ్గరికి లాక్కుని, సోమవారం రాసిన రెండు మాటల మీదా అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేశాడు. టూరా కళ్ళజోడు సవరించుకుని ఆ గీత సరిగ్గా పడిందో లేదో వంగి చూసింది. కానీ లేవలేదు.

కాగితంలో చివరి గడి ఒకటి ఉంది, తప్పు వల్ల నష్టపోయిన మనిషి పేరు అని. అక్కడ ఇల్వా పేరు రాస్తున్నప్పటి నుంచే ఆమెకి ఇంకో మూడు నడుములు గుర్తొస్తున్నాయి. ముఖాలు ఆమెకి అంతగా గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. ఆరేళ్ళ కిందట ఆన్నెలి. ఆ తర్వాత పెర్నిల్లా. కిందటేడు కాక అంతకు ముందేడు కత్రిన్. ముగ్గురికీ తనే కట్టింది, ముగ్గురికీ సరిపోయింది అని రాసింది, ముగ్గురూ తల వాల్చేశారు. ముగ్గురి ఫైళ్ళలోనూ అవే రెండు మాటలున్నాయి. ఆన్నెలి ఆ బెంచీ మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడిస్తే, తను కాఫీ ఇచ్చి, వీపు నిమిరి, "అందరికీ ఈ పని పడదులే తల్లీ, నీ తప్పు కాదు, దేవుడు అలా పుట్టించాడు" అంది. నిజంగా ఓదారుస్తున్నాననుకునే అంది. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు టూరాకి సిగ్గుతో ముఖం కాలిపోయింది.

"ఇంకేమిటి?" అన్నాడు రూట్గర్.

"ఒక కాగితం మీద ఒక్క పేరుకే చోటుంది," అంది టూరా. "ఇంకో మూడు ఇవ్వు."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సొరుగు తీసి మూడు కాగితాలు బల్ల మీద పెట్టాడు. టూరా కుర్చీ ముందుకు లాక్కుని, మొదటిదాని మీద ఆన్నెలి అని రాసింది.